ఇండీ ఆల్బమ్‌లకి మార్కులు: ఒక ప్రాజెక్టు డైరీ

మే నెలాఖరు

సినిమాతో సంబంధం లేని ఆల్బమ్‌లు వరుసగా విని, ఒక్కోదానికి ఒక పేజీ సమీక్ష రాసి, చివర పదికి ఇన్ని అని మార్కులు వేయాలి. పని ఇదీ. ఎప్పటినుంచో అనుకుంటున్నదే, ఈ వేసవిలో మొదలుపెట్టాను. ఎలా నడుస్తోందో, ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నానో ఇక్కడ రాసుకుంటూ పోతాను. ఇలాంటి పనే పెట్టుకున్న ఇంకొకరికి పనికొస్తే సంతోషం.

సినిమా ఆడియో గురించి రాసేవాళ్లకి మనలో కొదవ లేదు. పాట వచ్చిన గంటలో రివ్యూలు వచ్చేస్తాయి. సినిమా బయటి పాట కూడా మనకి కొత్తదేమీ కాదు. ఘంటసాల గొంతులో కరుణశ్రీ ‘పుష్పవిలాపం’ ప్రైవేటు రికార్డే. 1974లో వచ్చిన ఆయన భగవద్గీతా ప్రైవేటు రికార్డే. ఇప్పటికీ వింటున్నాం. అయినా ఒక ప్రైవేటు ఆల్బమ్‌ని మొదటి పాట నుంచి చివరి పాట దాకా పట్టుకుని, ఎక్కడ నిలబడింది, ఎక్కడ జారింది అని తూచి రాసిన రాత నాకు తెలుగులో చాలా తక్కువ దొరికింది. ఆ లోటు నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. పాట కోసం ఇల్లు గడవని రోజులు చూసినవాళ్లు ఉంటారు. వాళ్ల పనికి ‘సూపర్ బ్రో’ అన్న ఒక్క కామెంటు సరిపోదు.

హద్దు గీసుకోవడం దగ్గర చాలాసేపు ఆగాను. ‘ఇండీ’ అంటే సొంత డబ్బుతో చేసిందే అనుకుంటే ఢిల్లీ బ్యాండ్ ఇండియన్ ఓషన్ ‘కందీసా’ బయటికి పోతుంది, దాన్ని 2000లో విడుదల చేసింది టైమ్స్ మ్యూజిక్ కంపెనీ. చిన్న లేబుల్ (పాటలు విడుదల చేసే కంపెనీ) అయితే చాలనుకుంటే ఎవరో చెప్పినట్టల్లా చేసిన ఆల్బమ్‌లు లోపలికొస్తాయి. చివరికి ఒకటే ప్రశ్న పెట్టుకున్నాను: ఏ పాట ఉండాలి, ఎంతసేపు ఉండాలి, ఎలా మోగాలి అన్నది పాడేవాళ్లే తేల్చుకున్నారా? అవునంటే లోపలికి. ‘కందీసా’ లోపలికే వచ్చింది.

జూన్ మొదటివారం

మార్కుల పద్ధతి. వినడం కంటే ముందు ఇది తేలాలి.

అమెరికాలో 1990ల మధ్యలో మొదలైన సంగీత పత్రిక పిచ్‌ఫోర్క్ 0.0 నుంచి 10.0 దాకా దశాంశంతో మార్కులు వేసింది. రేడియోహెడ్ ‘కిడ్ ఏ’కి 2000లో 10.0, ఆర్కేడ్ ఫైర్ ‘ఫ్యూనరల్’కి 2004లో 9.7. ఆ 9.7తో కెనడా నుంచి వచ్చిన ఒక కొత్త బ్యాండ్ పేరు ఇండీ శ్రోతలందరికీ పాకిపోయింది. అదే ఏడాది అదే పత్రిక ట్రావిస్ మారిసన్ మొదటి సోలో ఆల్బమ్ ‘ట్రావిస్టాన్’కి 0.0 వేసింది. ఆ సున్నా అతని దారికి ఎంత అడ్డుపడిందో తర్వాత చాలామంది రాశారు. 2021లో పిచ్‌ఫోర్కే తన పాత మార్కుల్లో కొన్నిటిని తిరగరాసి ప్రకటించింది. డాఫ్ట్ పంక్ ‘డిస్కవరీ’ 6.4 నుంచి 10కి ఎక్కింది, లిజ్ ఫేర్ తన పేరుతోనే తెచ్చిన 2003 ఆల్బమ్ 0.0 నుంచి 6.0కి లేచింది. దశాంశం దాకా లెక్కగట్టిన అంకె కూడా ఇరవై ఏళ్లలో అంత దూరం కదిలింది.

న్యూయార్క్ వారపత్రిక ‘విలేజ్ వాయిస్’లో విమర్శకుడు రాబర్ట్ క్రిస్‌గౌ 1969 నుంచి బడి గ్రేడ్లలాగే ఏ, బీ ప్లస్ అని అక్షరాలు వేశాడు. అంకె కంటే అక్షరం దురుసుగా అనిపిస్తుంది కానీ అందులో ఒక సుఖం ఉంది. దాన్ని ఎవరూ కూడి సగటు తీయాలనుకోరు. విమర్శకుల మార్కులన్నీ కలిపి సగటు తీసే మెటాక్రిటిక్ లాంటి సైట్లలో మాత్రం ఆ అక్షరాలని కూడా నూటికి మార్చి కూడేశారు.

నేను పదికి వేస్తాను, అర మార్కు తేడాతో. 7.3కీ 7.4కీ మధ్య తేడా నా చెవికి తెలియదు. తెలియని తేడాని అంకెలో చూపిస్తే అది పాఠకుడికి చెప్పే అబద్ధం. 7కీ 7.5కీ తేడా మాత్రం చెప్పగలను. ‘బాగుంది’ అనేదానికీ, ‘బాగుంది, వచ్చే ఏడు కూడా వింటాను’ అనేదానికీ ఉన్న తేడా అది.

జూన్ రెండోవారం

మార్కులని గళ్లుగా విడదీస్తే ఎలా ఉంటుందో పరీక్షించాను. సాహిత్యానికి 2, బాణీకి 2, గొంతుకి 2, వాయిద్యాలకి 2, రికార్డింగ్‌కి 2. చూడ్డానికి న్యాయంగా ఉంది. పరీక్షకి గైడెడ్ బై వాయిసెస్ 1994లో తెచ్చిన ‘బీ థౌజండ్’ తీసుకున్నాను. అమెరికాలో ఒహైయో రాష్ట్రం డేటన్ ఊళ్లో, ఇళ్ల గరాజుల్లో, నేలమాళిగల్లో ఫోర్ ట్రాక్ టేప్ (నాలుగు పొరలే పట్టే రికార్డర్) మీద తీసిన పాటలు. 36 నిమిషాల్లో 20 పాటలు.

మొదటి పాట ‘హార్డ్‌కోర్ యూఎఫ్‌ఓస్’. మధ్యలో ఒక చోట గిటార్ ఉన్నట్టుండి మాయమైపోతుంది. వెనక హోరు, గొంతు మాత్రం మిగులుతాయి. కాసేపటికి గిటార్ తిరిగి వచ్చేస్తుంది. అది అలాగే ఉంచి విడుదల చేశారు. మామూలు స్టూడియోలో అయితే ఆ టేక్ ఆ నిమిషానే చెరిపేసేవాళ్లు. నాకు ఆ ఖాళీ దగ్గరే పాట మీద ప్రేమ పుట్టింది. గొంతు ఒక్కటే అయిపోయిన ఆ క్షణంలో పాడేవాడు మన గదిలోకి వచ్చేసినట్టు ఉంటుంది.

గళ్ల పద్ధతిలో రికార్డింగ్‌కి అర మార్కు, వాయిద్యాలకి 1. మొత్తం 6 దగ్గర ఆగింది. పక్కనే, ఈ మధ్య ఖరీదైన స్టూడియోలో చేసిన ఒక శుభ్రమైన ఆల్బమ్‌కి ఇదే లెక్కలో 7.5 వచ్చింది. ఒక్క తప్పూ లేదు అందులో. మళ్లీ వినాలన్న కోరికా లేదు. గళ్లు అక్కడితో ఆపేశాను. ఆల్బమ్ కొన్ని గుణాల మొత్తం కాదు. రికార్డింగ్‌లో ఉన్న గరుకు ఆ పాటకి అవసరమా, అడ్డమా అన్నదే అడగాలి. దానికి విడిగా గడి పెడితే ఆ ప్రశ్న అడిగే అవకాశమే పోతుంది.

గళ్ల బదులు మెట్లు పెట్టుకున్నాను. ఒక్కో అంకెకి నాకు బాగా తెలిసిన ఒక ఆల్బమ్ కాపలా ఉంటుంది. కొత్త ఆల్బమ్ వస్తే ‘దీనికి ఎంత?’ అని అడగను, ‘ఇది ఆ 8 కంటే పైనా, కిందా?’ అని అడుగుతాను. గాలిలో అంకె వెతకడం కంటే రెండు ఆల్బమ్‌లని పక్కపక్కన పెట్టి తేల్చుకోవడం ఎంతో తేలిక. 9 దగ్గర ‘కందీసా’. 8 దగ్గర కేరళ బ్యాండ్ అవియల్ 2008లో తమ పేరుతోనే తెచ్చిన ఆల్బమ్. 7 దగ్గర మెట్టు ఇంకా ఖాళీ.

జూన్ చివర

వాల్యూమ్ సంగతి. ఈ పని మొత్తంలో నాకు బాగా ఉపయోగపడిన సలహా ఇక్కడే దొరికింది.

మా బావ విజయవాడలో ఈవెంట్లకి సౌండ్ చేస్తాడు. నేను ఆల్బమ్‌లు పోల్చి వింటున్నానని చెప్తే ముందు అడిగింది ఇదే.

“వాల్యూమ్ సమం చేశావా?”

“ఒకే నాబ్ మీద పెట్టే వింటున్నా బావా.”

“నాబ్ ఒకటే అయితే ఏం లాభం? పాత సీడీ మెల్లగా మోగుతుంది, కొత్తది గట్టిగా మోగుతుంది. గట్టిగా మోగిందే మన చెవికి బాగున్నట్టుంటుంది. ముందు అది సరిచెయ్యి, తర్వాత పోల్చు.”

ఇది వట్టి నమ్మకం కాదు, మన చెవి పనితీరే అంత. శబ్దం తక్కువగా ఉన్నప్పుడు లోతు స్వరాలు, మరీ పై స్వరాలు మనకి సరిగ్గా అందవు. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. కాస్త పెంచితే బేస్ నిండుగా, అంచులు మెరుస్తూ వినిపిస్తాయి. అందుకే సీడీల కాలం నుంచి ఆల్బమ్‌లు ఏటేటా మరింత గట్టిగా మాస్టర్ (విడుదలకి ముందు చివరి మెరుగు) చేసుకుంటూ పోయారు. స్పాటిఫై మామూలు సెట్టింగ్‌లో పాటలని, శబ్దం ఎంత గట్టిగా వినిపిస్తుందో కొలిచే లెక్కలో, మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ దగ్గరికి తెచ్చి వినిపిస్తుంది కాబట్టి అక్కడ ఈ తేడా కొంత తగ్గుతుంది. నా దగ్గరున్న ఫైళ్లకి ఆ సాయం లేదు.

కాబట్టి కొన్న ఆల్బమ్‌లన్నీ ఫ్లాక్ (నాణ్యత తగ్గని) ఫైళ్లుగా కంప్యూటర్లో పెట్టి, ఫూబార్2000 అనే ప్లేయర్లో రీప్లేగెయిన్ స్కాన్ చేయించాను. ఇది పాటని మార్చదు, ఎంత తగ్గించి లేదా పెంచి వినిపించాలో ఒక ట్యాగ్ రాసి పెడుతుంది, అంతే. ఇక్కడ ఒక్కటి జాగ్రత్తగా చూసుకోవాలి. ట్రాక్ గెయిన్ పెడితే ప్రతి పాటా ఒకే ఎత్తుకి వచ్చేస్తుంది. మెల్లని పాట తర్వాత గట్టి పాట రావాలని వాళ్లు వేసుకున్న వరుస అక్కడే చచ్చిపోతుంది. ఆల్బమ్ గెయిన్ పెడితే ఆల్బమ్ మొత్తానికి ఒకటే సవరణ, లోపలి ఎత్తుపల్లాలు అలాగే ఉంటాయి. ఆల్బమ్‌కి మార్కులు వేసేవాళ్లు ఆల్బమ్ గెయిన్ తప్ప ఇంకోటి వాడకూడదు.

సమం చేశాక ‘కందీసా’నీ ఢిల్లీ బ్యాండ్ పీటర్ క్యాట్ రికార్డింగ్ కో. 2019లో తెచ్చిన ‘బిస్మిల్లా’నీ వెంటవెంటనే విన్నాను. ‘బిస్మిల్లా’ ఇదివరకు నన్ను కుర్చీలోంచి లేపినంత పని చేసేది. ఇప్పుడూ అందంగానే ఉంది. సూర్యకాంత్ సాహ్నీ గొంతులోని ఆ పాతకాలపు క్లబ్బు మత్తు అలాగే ఉంది. అయితే లేపింది పాటలో ఎంత, శబ్దంలో ఎంత అన్నది ఇప్పుడు విడివిడిగా తెలుస్తోంది.

జులై

‘కందీసా’ సమీక్ష రాస్తున్నాను. ఇండియన్ ఓషన్ అప్పట్లో నలుగురు. సుస్మిత్ సేన్ గిటార్, రాహుల్ రామ్ బేస్, అమిత్ కిలమ్ డ్రమ్స్, అసీమ్ చక్రవర్తి తబలా. అసీమ్ తబలా వాయిస్తూనే పాడతాడు. టైటిల్ పాట కేరళ సిరియన్ క్రైస్తవులు పాడుకునే అరామిక్ ప్రార్థన. ‘మా రేవా’ నర్మదా లోయ నుంచి వచ్చిన పాట. రాహుల్ రామ్ నర్మదా బచావో ఆందోళనలో పనిచేసినవాడు. ‘హిల్లే లే’ కవి గోరఖ్ పాండే రాసింది. ఉన్నవి ఏడే పాటలు.

మొదటి చిత్తులో ఇలా రాశాను: “అద్భుతమైన వాయిద్య సమ్మేళనంతో, హృదయాన్ని తాకే గానంతో శ్రోతని మరో లోకానికి తీసుకెళ్తుంది.” ఈ వాక్యం ఏ ఆల్బమ్ కింద పెట్టినా చెల్లుతుంది. అంటే ఏ ఆల్బమ్ గురించీ ఏమీ చెప్పడం లేదు. ‘హృదయాన్ని తాకే’ తీసేశాను. ‘అద్భుతం’ తీసేశాను. ‘మరో లోకం’ తీసేశాను. ఇక మిగిలింది శూన్యం. మళ్లీ హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను.

రెండో చిత్తు: “పాడేవాడు తబలా కూడా తనే వాయిస్తున్నాడు కాబట్టి ఊపిరి తీసుకునే చోటూ దరువు పడే చోటూ ఒకే ఒంట్లోంచి వస్తాయి. అందుకే పాట ఎంత వేగం అందుకున్నా మాట తొట్రుపడదు.” ఇది ‘కందీసా’ గురించి మాత్రమే చెప్పగలిగిన మాట. దీన్ని ఉంచాను.

అప్పటినుంచి ఒక నియమం పెట్టుకున్నాను. రాసిన ప్రతి వాక్యాన్నీ ఇంకో ఆల్బమ్ పేరు పెట్టి చదువుతాను. అక్కడా చెల్లితే కొట్టేస్తాను. పేజీ సగం ఖాళీ అవుతుంది, ఆ ఖాళీని నింపాలంటే మళ్లీ వినాల్సిందే. సమీక్ష రాయడం అంటే ఎక్కువసార్లు వినడానికి ఒక కారణం పెట్టుకోవడమేనని నాకు గట్టిగా అనిపిస్తోంది.

‘కందీసా’కి 9. పదికి పది ఎందుకు కాదని మిత్రుడొకడు అడిగాడు. పది ఎవరికీ వేయకుండా ఉంచాలన్న పట్టు నాకు లేదు. ఇందులో వాయిద్యాలే నడిపే సుదీర్ఘ భాగాల్లో కొన్నిచోట్ల బ్యాండ్ తన ఆనందంలో తాను మునిగిపోయి నన్ను కాస్త బయట నిలబెట్టింది. ఆ ఒక మార్కు అందుకే.

జులై, ఇంకొన్ని రోజుల తర్వాత

ఖాళీగా ఉన్న 7వ మెట్టు నిండింది. రఘు దీక్షిత్ ప్రాజెక్ట్ మొదటి ఆల్బమ్ ‘అంతరాగ్ని’, 2008. హిందీ సినిమా సంగీత దర్శకులు విశాల్ శేఖర్‌ల చిన్న లేబుల్ కౌంటర్ కల్చర్ తెచ్చింది. 19వ శతాబ్దపు కన్నడ సాధు కవి శిశునాళ షరీఫ్ తత్వాలు ఇందులో ఉన్నాయి. ‘గుడుగుడియ సేది నోడో’ మొదలవగానే ఒళ్లు ఊగుతుంది. మన వేమననో, బ్రహ్మంగారి తత్వాలనో ఇంత సంతోషంగా, ఇంత ధైర్యంగా గిటార్ మీదికి ఎక్కించిన తెలుగు ఆల్బమ్ నాకు కావాలి. ఎవరైనా చేస్తే నా మెట్లన్నీ సర్దుకుంటాను. కన్నడ పాటల్లో ఉన్న బలం హిందీ పాటల్లో నాకు అంతగా అందలేదు, అందుకే 7.

‘అవియల్’ 8లో ఎందుకుందో కూడా రాసుకోవాలి. ఎనిమిది పాటలు, అన్నీ మలయాళమే. రాక్ గిటార్‌కి తగ్గట్టు భాషని వంచకుండా భాష నడకకే గిటార్‌ని తెచ్చారు. ‘నడ నడ’ మాట అర్థం కాని తెలుగువాడికి కూడా ఆ అడుగుల బరువు తెలుస్తుంది. ‘ఆడు పాంబే’కి మాటలు కేరళ సంస్కర్త నారాయణ గురు ‘కుండలినీ పాట్టు’ నుంచి వచ్చాయి. గుడి మెట్ల మీద వినాల్సిన మాట ఆంప్లిఫయర్లోంచి వస్తుంటే ఎక్కడా అతకనట్టు లేదు.

వరుస మార్చి వినడం కూడా మొదలుపెట్టాను. బోన్ ఈవర్ ‘ఫర్ ఎమ్మా, ఫరెవర్ అగో’ మీద చూశాను. 2006 చివర్లో, బోన్ ఈవర్ పేరుతో పాడే జస్టిన్ వెర్నన్ విస్కాన్సిన్‌లో వాళ్ల నాన్న వేట గుడిసెకి వెళ్లి, ఆ చలికాలమంతా ఒంటరిగా ఉండి చాలావరకు అక్కడే తీసిన తొమ్మిది పాటలు. 2007లో సొంతంగా, 2008లో జాగ్‌జాగ్వార్ లేబుల్ మీద వచ్చింది. ‘ఫ్లూమ్’తో మొదలై ‘రీ: స్టాక్స్’తో ముగుస్తుంది. షఫుల్‌లో పెట్టి ‘రీ: స్టాక్స్’ మొదట వినేసరికి అది మామూలు గిటార్ పాటలా పోయింది. అదే చివర్లో వస్తే అంతవరకు పేర్చిన గొంతుల గుంపంతా సర్దుమణిగి ఒక్కటే గొంతు మిగిలినట్టుంటుంది. వరుస మారిస్తే నష్టపోయే ఆల్బమ్‌కి అర మార్కు పైన, ఏమీ తేడా రాకపోతే అది పాటల కట్ట. 8.5 వేశాను.

ఆగస్టు

తెలుగు పని. దీనికోసమే ఇదంతా.

ముందు ఒక కష్టం ఉంది. మన దగ్గర సొంతంగా పాటలు చేసేవాళ్లు ఎక్కువగా ఒక్కో పాటే వీడియోతో సహా యూట్యూబ్‌లో పెడుతున్నారు. ఖర్చు కారణం, అల్గారిదం కారణం, వినేవాళ్ల ఓపిక కారణం. తప్పు పట్టను. కానీ ఆల్బమ్‌కి మార్కులు వేసేవాడికి చేతికి దొరికేది తక్కువ. అందుకని నాలుగైదు పాటల ఈపీలని కూడా లోపలికి రానిచ్చాను. మార్కులకి మెట్లు అవే, రాయితీ లేదు. భాష మనదని అర మార్కు కలిపితే అది వాళ్లని చిన్నచూపు చూడటమే.

ఒక కుర్రాడు తన డెమో పంపాడు. వరంగల్ వైపు. గిటార్, గొంతు, ఫోన్లో చేసిన బీట్. మంచి గొంతు, కల్లాకపటం లేని గొంతు. పల్లవి దగ్గర చెవి అడ్డం తిరిగింది. పాటలో మాట ‘మది’. బాణీలో మొదటి అక్షరం రెండు మాత్రల నోట్ మీద పడింది. పాడితే ‘మాది’ అయ్యింది. మనసు గురించి పాడుతున్నాడనుకుంటే ఆస్తి గురించి పాడుతున్నట్టుంది. ఇంగ్లిష్ పాటల బాణీల మీద పెరిగిన చెవితో తెలుగు రాసేటప్పుడు ఇది తరచూ జరుగుతుంది. మన దగ్గర లఘువుని లాగితే గురువైపోతుంది, అర్థం మారిపోతుంది. సినిమాకి ట్యూనుకి రాసే కవులు ఈ ఒక్క విషయంలో ఎంత కష్టపడతారో ఇండీ వాళ్లు వాళ్లని చూసి నేర్చుకోవాలి. బాణీలో పొడుగు నోట్ ఎక్కడుందో చూసి అక్కడ దీర్ఘమో సంయుక్తానికి ముందున్న అక్షరమో పెడతారు. మాట మార్చడం ఇష్టం లేకపోతే నోట్‌ని రెండుగా విరవొచ్చు.

అతనికి ఫోన్ చేసి ఇదే చెప్పాను. “అన్నా, నాకు వినపడలేదది,” అన్నాడు. రెండు రోజులాగి పల్లవి మార్చి పంపాడు. ‘మది’ బదులు ‘మనసు’ పెట్టి, ఆ పొడుగు నోట్‌ని చిన్న ముక్కలు చేశాడు. ఇప్పుడు పాట నడుస్తోంది. ఆ తర్వాత అతను అడిగిన ప్రశ్న: “మరి ఇప్పుడు ఎన్ని స్టార్లు అన్నా?”

వేయనని చెప్పాను. పాటలో నా మాట కలిశాక దానికి నేను మార్కులు వేయకూడదు. తెలిసినవాళ్ల ఆల్బమ్‌కి కూడా అంతే. సమీక్ష రాస్తాను, పరిచయం ఉందని మొదటి వాక్యంలోనే చెప్తాను, అంకె మాత్రం ఉండదు. ఇంకో నియమం కూడా అదే రోజు రాసుకున్నాను. మొదటి ఆల్బమ్‌కి 5 కంటే తక్కువ అనిపిస్తే అంకె బయటపెట్టను. లోపం ఎక్కడుందో వివరంగా రాస్తాను. ‘ట్రావిస్టాన్’ సున్నా నాకు నేర్పిన పాఠం ఇది. పేరున్నవాళ్లకి ఈ మినహాయింపు లేదు.

సెప్టెంబర్

ఇండియన్ ఓషన్ ‘16/330 ఖజూర్ రోడ్’ దగ్గర చాలా రోజులు నిలిచిపోయాను. ఆ పేరు ఢిల్లీ కరోల్‌బాగ్‌లో వాళ్లు సాధన చేసుకున్న పాత ఇంటి చిరునామా. 2010లో ఏ కంపెనీకీ ఇవ్వకుండా నెలకొక పాట చొప్పున ఉచితంగా విడుదల చేశారు. అసీమ్ చక్రవర్తి 2009 డిసెంబర్‌లో చనిపోయాడు. ఈ పాటల్లో ఉన్నది ఆయన చివరి గొంతు.

రెండు చిక్కులు. నెలకొకటిగా వచ్చినదాన్ని వరుస ఉన్న ఆల్బమ్‌గా తూచాలా? మొదట విన్నవాళ్లకి పాటకీ పాటకీ మధ్య నెల రోజుల నిశ్శబ్దం ఉంది. నాకు లేదు. అందుకే వరుస సంగతిని ఇందులో లెక్కలోకి తీసుకోలేదు. ఒక్కో పాటనీ ఒక్కో రోజు విన్నాను, రెండో పాట అదే రోజు పెట్టలేదు. ఆ వినడం బాగుంది. పాటకి మర్యాద దక్కినట్టు అనిపించింది.

రెండో చిక్కు పెద్దది. పోయినవాళ్ల గొంతుకి మార్కులు వేసేటప్పుడు చెయ్యి పైకి జరుగుతుంది. ఆ దుఃఖం ఆల్బమ్‌లో ఉందా, ఆల్బమ్ బయట ఉందా? రికార్డింగ్ నాటికి వాళ్లు వీడ్కోలు పాటలు చేయడం లేదు, మామూలుగా తమ తర్వాతి ఆల్బమ్ చేసుకుంటున్నారు. కాబట్టి దాన్ని వీడ్కోలుగా వినడం వాళ్లు చేసిన పనికి నేను తగిలించే బరువు. సమీక్షలో మరణం గురించి రాశాను, అంకెలోకి రానివ్వలేదు. ‘కందీసా’ పక్కన పెట్టి చూస్తే బాణీలు అంత గట్టిగా పట్టుకోవు, వాయింపు మాత్రం ఇంకా ముదిరింది. 8.

అక్టోబర్

వేసిన మార్కులన్నీ ఒక కాగితం మీద రాసి చూస్తే చాలావరకు 7కీ 8.5కీ మధ్యే ఉన్నాయి. కారణం తెలిసిందే, నచ్చుతాయనుకున్నవే ఏరుకుని వింటున్నాం కదా. అయినా ఆ గుంపులో ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది పాఠకుడికి తెలియాలి.

‘విలేజ్ వాయిస్’ ఏటా విమర్శకులతో నడిపిన ‘పాజ్ అండ్ జాప్’ ఓటింగ్ పద్ధతి ఇక్కడ అక్కరకొచ్చింది. ఒక్కో విమర్శకుడికీ 100 పాయింట్లు. పది ఆల్బమ్‌లకి పంచాలి, ఏ ఒక్కదానికీ 30 మించకూడదు, 5కి తగ్గకూడదు. ఒకరికి ఇవ్వాలంటే ఇంకొకరి దగ్గర తీసుకోవాలి. మార్కులు వేయడంలో మొహమాటం ఉంటుంది, పంచడంలో ఉండదు.

నా పదింటికీ పంచాను. ‘కందీసా’కి 20, ‘ఫర్ ఎమ్మా’కి 15, ‘అవియల్’కి 14. ఆ తర్వాత ‘బిస్మిల్లా’ దగ్గరికి వచ్చేసరికి 9కి మించి ఇవ్వాలనిపించలేదు. మెట్ల మీద మాత్రం అది ‘అవియల్’తో సమానంగా 8 దగ్గర ఉంది. రెండూ మళ్లీ విన్నాను. ‘బిస్మిల్లా’ రంగులు అందమైనవి, ‘ఫ్లోటెడ్ బై’ లాంటి పాట ఈ పదింటిలో వేరే దేనిలోనూ లేదు. కానీ రెండో సగంలో ఆ మత్తు ఒకే మోతాదులో సాగుతుంది. దాన్ని 7.5కి దించాను. సమీక్ష కింద పాత అంకెని కొట్టివేతతో అలాగే ఉంచి, కొత్త అంకె, మార్చిన నెల, కారణం రాశాను. ప్రతి మార్పూ ఇలాగే కనపడుతుంది.

కొనుగోళ్ల గురించి కూడా రాయాలి. ఉచితంగా వచ్చిన ఆల్బమ్‌కి నేను మార్కులు వేయను, ‘ఖజూర్ రోడ్’లా అందరికీ ఉచితమైతే తప్ప. బ్యాండ్‌క్యాంప్‌లో దొరికితే అక్కడే కొంటున్నాను. డిజిటల్ అమ్మకం మీద వాళ్ల వాటా 15 శాతం, 2020లో మొదలుపెట్టిన బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడేలలో అదీ వదిలేస్తారు. ఫ్లాక్ ఫైలు, ఎవరు ఏం వాయించారో వివరాలు చేతికొస్తాయి. సమీక్షలో బేస్ వాయించినవాళ్ల పేరు కూడా రాయగలగడం నాకు ముఖ్యం.

ప్రస్తుతానికి బల్ల మీద ఉన్నవి: రెండు తెలుగు ఈపీలు, ఒక తమిళ ఆల్బమ్, వరంగల్ కుర్రాడి నాలుగు పాటలు. అతని పాటలకి అంకె లేని సమీక్ష సగం అయ్యింది. ఈపీల్లో ఒకదానికి ఆల్బమ్ గెయిన్ స్కాన్ చేయించి మొదటి విడత విన్నాను. మూడో పాటలో వాయులీనం ఎవరిదో కవరు మీద లేదు, బ్యాండ్‌కి మెయిల్ పెట్టాను. జవాబు వచ్చాక రెండో విడత వింటాను. ‘అంతరాగ్ని’ పక్కన పెట్టి చూడాలి, దానికి పైనే ఉంటుందని అనిపిస్తోంది.